రాకెట్ వదిలే తెల్ల పొగ, అందులో కాలిన అల్యూమినియం

శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ లేచేటప్పుడు అందరి కళ్ళూ మంట మీదే ఉంటాయి, తర్వాత శాటిలైట్ ఆర్బిట్‌లోకి వెళ్ళిందా లేదా అని చూస్తారు, మధ్యలో రాకెట్ వదిలేసి పోయిన దట్టమైన తెల్ల పొగ చాలాసేపు అలాగే గాల్లో ఉంటుంది కానీ దాని గురించి ఎవరూ అడగరు. నా చదువంతా ఆ పొగ గురించే. అందుకే ఇంట్లోవాళ్ళు, ఫ్రెండ్స్ "అసలు నువ్వు చేసేదేంటి" అని అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఒకచోట రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు ఒక విషయం గమనించండి. పీఎస్ఎల్వీ మొదటి స్టేజ్ కాలుతున్నంతసేపే అంత తెల్లటి పొగ వస్తుంది, రెండో స్టేజ్‌లో ఉండే వికాస్ ఇంజిన్ లిక్విడ్ ఇంధనంతో నడుస్తుంది కాబట్టి దాని ఎగ్జాస్ట్ దాదాపు కనపడదు, వేరే రాకెట్లలో ఉండే క్రయోజెనిక్ ఇంజిన్ నుంచైతే వచ్చేది ఎక్కువగా నీటి ఆవిరే. ఆ తెల్లదనం మొదటి స్టేజ్‌లో ఉండే సాలిడ్ మోటార్‌దే, అంటే ఘన ఇంధనంతో నడిచేది, ఆ పొగ ప్రధానంగా అల్యూమినియం కాలితే మిగిలిన బూడిద, అంటే అల్యూమినియం ఆక్సైడ్, మేం అల్యూమినా అంటాం. దానికి తోడు ఎగ్జాస్ట్‌లో హైడ్రోజన్ క్లోరైడ్ కూడా ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువున్న రోజు అది తేమని పట్టుకుని పొగమంచులా తయారవుతుంది, సముద్రం పక్కనే ఉన్న మన శ్రీహరికోటలో తేమకి కొదవేముంది.

సాలిడ్ ప్రొపెల్లెంట్, అంటే ఆ మోటార్‌లో కాలే ఘన ఇంధనం, చూడ్డానికి బూడిదరంగు రబ్బరు. రబ్బరు భాగం హెచ్‌టీపీబీ అనే పాలిమర్, అందులో ఆక్సిజన్ ఇవ్వడానికి అమ్మోనియం పర్క్లోరేట్ గింజలు, వాటి మధ్యలో అల్యూమినియం పొడి. సాధారణంగా బరువులో 18 శాతం దాకా అల్యూమినియమే ఉంటుంది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, 54 గ్రాముల అల్యూమినియం కాలితే 48 గ్రాముల ఆక్సిజన్ తీసుకుని 102 గ్రాముల అల్యూమినా అవుతుంది, అంటే బరువు దాదాపు 1.9 రెట్లు. ఇస్రో పెద్ద రాకెట్ ఎల్వీఎం3 కి రెండు పక్కలా ఉండే ఎస్200 బూస్టర్లలో ఒక్కోదాంట్లో సుమారు 205 టన్నుల ప్రొపెల్లెంట్ ఉంటుంది, ఆ 18 శాతం లెక్కన రెండింట్లో కలిపి 74 టన్నుల దాకా అల్యూమినియం, అది కాలితే 140 టన్నుల అల్యూమినా, ఇదంతా రెండు నిమిషాల పైచిలుకులో బయటికి రావాలి. సెకండుకి టన్ను పైనే. అమెరికా స్పేస్ షటిల్ బూస్టర్లయితే ఒక్కోటి దాదాపు 500 టన్నుల ప్రొపెల్లెంట్, అందులో 16 శాతం అల్యూమినియం, రెండూ కలిపి 300 టన్నుల అల్యూమినా ప్రతి లాంచ్‌కీ.

మరి రాకెట్‌ని నెట్టాల్సింది గ్యాస్ కదా, ఇంత బూడిద వచ్చే లోహాన్ని అసలెందుకు కలిపారు? 1950ల మధ్యలో అమెరికాలో అట్లాంటిక్ రీసెర్చ్ అనే కంపెనీలో కీత్ రంబెల్, చార్లెస్ హెండర్సన్ అని ఇద్దరు ఇంజినీర్లు చేసిన పని వల్ల. అప్పటికి కాస్త అల్యూమినియం కలిపితే మంచిదని తెలుసు, కానీ కొంచెం దాటితే లాభం పోతుందనే లెక్కలు చెలామణీలో ఉండేవి, వీళ్ళు ఆ లెక్కల్ని పక్కనపెట్టి బాగా ఎక్కువ శాతం కలిపి చూస్తే రాకెట్ శక్తి గట్టిగా పెరిగింది. ఆ తర్వాతే పొలారిస్, మినిట్‌మాన్ లాంటి పెద్ద సాలిడ్ మిసైళ్ళు సాధ్యమయ్యాయి. కారణం ఏంటంటే అల్యూమినియం కాలితే వచ్చే వేడి చాలా ఎక్కువ, చాంబర్ టెంపరేచర్ అల్యూమినియం లేకపోతే 3000 కెల్విన్ దగ్గర ఉండేది 3400 దాటుతుంది. ఇంకోటి, అల్యూమినియం నీటి ఆవిరిలో, కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్న ఆక్సిజన్‌ని కూడా లాగేసుకుంటుంది, అప్పుడు మిగిలేది హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఇవి తేలిక గ్యాసులు కాబట్టి నాజిల్ (మోటార్ వెనక గ్యాస్ బయటికొచ్చే గొట్టం) నుంచి ఇంకా వేగంగా బయటికి పోతాయి. పైగా రబ్బరు కంటే లోహం మూడు రెట్లు సాంద్రత ఎక్కువ, అదే మోటార్‌లో ఎక్కువ ఇంధనం పడుతుంది.

ఇక్కడిదాకా పుస్తకాల్లో దొరుకుతుంది. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి భాగం, అల్యూమినియం అసలు ఎలా కాలుతుంది అన్నది.

ఇళ్ళల్లో సత్తు గిన్నె పొయ్యి మీద ఏళ్ళ తరబడి పెట్టినా అంటుకోదు, ఎందుకంటే గాలి తగిలిన మరుక్షణం అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహానికి ఆక్సిజన్ తగలకుండా కాపాడుతుంది. పొడి రేణువు మీద కూడా అదే పొర. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కానీ దాని మీది ఆక్సైడ్ కరగాలంటే 2070 డిగ్రీలు దాటాలి, కాబట్టి లోపల లోహం ద్రవంగా మారిపోయినా బయట గట్టి పెంకు అలాగే ఉంటుంది. లోహం కరిగినప్పుడు వ్యాకోచిస్తుంది, పెంకు పగుళ్ళిస్తుంది, ద్రవం బయటికి కారుతుంది, మళ్ళీ ఆక్సైడ్ కట్టి పగులు మూసుకుపోతుంది. పెద్ద రేణువు నిజంగా అంటుకోవాలంటే ఆ పెంకు కరిగేంత వేడి తగలాల్సిందే.

ఇక్కడే మొత్తం కథ మలుపు తిరుగుతుంది. ప్రొపెల్లెంట్ ఉపరితలం సెకండుకి 5 నుంచి 10 మిల్లీమీటర్ల వేగంతో కాలుతూ వెనక్కి వెళ్తుంటుంది. ఆ ఉపరితలం వేడి కొన్ని వందల డిగ్రీలే, అల్యూమినియం అంటుకోడానికి అది చాలదు. కాబట్టి రబ్బరు, పర్క్లోరేట్ గ్యాస్ అయిపోయి వెళ్ళిపోతుంటే అల్యూమినియం రేణువులు మాత్రం ఉపరితలం మీద అలాగే మిగిలిపోయి పోగుపడతాయి. పర్క్లోరేట్ పెద్ద గింజలు 200 నుంచి 400 మైక్రాన్ల దాకా ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), అల్యూమినియం 30 మైక్రాన్ల దగ్గర, అంటే ఆ పెద్ద గింజల మధ్య ఉండే సందుల్లోనే అల్యూమినియం అంతా ఇరుక్కుని ఉంటుందన్నమాట. ఒక సందులో ఉన్నవన్నీ పక్కపక్కనే పోగై, అతుక్కుని, పక్క గింజ మంట తగలగానే ఒక్కసారిగా పెంకులు పగిలి అన్నీ కలిసి ఒకే పెద్ద బొట్టు అయిపోతాయి. దీన్నే అగ్లామరేషన్ అంటారు. 30 మైక్రాన్ల పొడి వేస్తే ఉపరితలం వదిలి పైకి లేచేది 100, 200, ఒక్కోసారి 300 మైక్రాన్ల బొట్టు. 200 మైక్రాన్ల బొట్టులో 30 మైక్రాన్ల రేణువులు దాదాపు 300 పడతాయి, లెక్క వేసుకోవచ్చు, వ్యాసాల నిష్పత్తిని ఘనం చేస్తే చాలు. హైస్పీడ్ కెమెరాలో ఇది చూస్తే ముందు ఉపరితలం మీద నల్లటి పగడంలాంటి ముద్ద కదులుతూ ఉంటుంది, తర్వాత ఒక్క ఫ్రేమ్‌లో తెల్లగా వెలిగి గుండ్రటి బంతై ఎగిరిపోతుంది, ఇన్నేళ్ళయినా నాకు ఆ ఫ్రేమ్ పాతబడలేదు.

ఆ బంతి కాలే తీరు కూడా మామూలు కట్టె కాలినట్టు ఉండదు. అల్యూమినియం 2470 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఆ ఆవిరి బయటికి వస్తూ చుట్టూ ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసే చోట మంట ఉంటుంది, అంటే మంట బొట్టుని తాకకుండా కొంచెం దూరంలో నిలబడి ఉంటుంది. ఆ మంటలో ఏర్పడ్డ అల్యూమినా మైక్రాన్ సైజు పొగగా మారి బయటికి పోతుంది, కొంత మాత్రం వెనక్కి వచ్చి బొట్టు మీదే ఒక పక్కన టోపీలాగా కూర్చుంటుంది. ఆ పక్క ఆవిరి రాదు, ఇంకో పక్క వస్తుంది, దాంతో బొట్టు గిరగిరా తిరుగుతుంది. కాలడం పూర్తయ్యాక ఆ టోపీయే మిగులుతుంది, పొగ కంటే పదుల రెట్లు పెద్ద సైజులో. అందుకే ఎగ్జాస్ట్‌లో రెండు రకాల రేణువులు దొరుకుతాయి, మైక్రాన్ చుట్టుపక్కల సన్న పొగ, ఇంకా ఆ టోపీల ముతక. 100 మైక్రాన్ల బొట్టు పూర్తిగా కాలడానికి పదుల మిల్లీసెకండ్లు పడుతుంది, సైజు రెట్టింపు అయితే టైము మూడున్నర రెట్లు పెరుగుతుంది. చిన్న మోటార్‌లో అంత టైము ఉండదు, కాలకుండానే బయటికి పోయే లోహం కూడా ఉంటుంది.

ఇవన్నీ ఎలా తెలుసుకుంటాం అంటే, కిటికీ ఉన్న స్టీల్ చాంబర్‌లో నైట్రోజన్‌తో 70 బార్ల దాకా ప్రెషర్ ఎక్కించి, చిన్న ప్రొపెల్లెంట్ ముక్కని పైనుంచి అంటిస్తాం. మంట ఎంత వెలుతురు ఇస్తుందంటే దాని ముందు మామూలు లైటు పనికిరాదు, వెనకనుంచి లేజర్ వేసి, దాని రంగు తప్ప మిగతా వెలుతురుని ఫిల్టర్‌తో ఆపేసి నీడలు తీస్తాం. ఈమధ్య హోలోగ్రఫీ కూడా బాగా వాడుతున్నారు, ఒక్క ఫోటోతో బొట్లు ఎంత లోతులో ఉన్నాయో కూడా తెలుస్తుంది, మామూలు కెమెరాకైతే ఫోకస్‌లో ఉన్నవే బొట్లు. మంట ఎక్కడ ఉందో చూడ్డానికి అల్యూమినియం మోనాక్సైడ్ విడుదల చేసే నీలి ఆకుపచ్చ వెలుతురు, 484 నానోమీటర్ల దగ్గర, దాన్ని పట్టుకుంటాం. రేణువుల్ని చేతికి తెచ్చుకోవాలంటే ఉపరితలానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ద్రవం పెట్టి మండుతున్న బొట్టుని అందులో ఆర్పేస్తాం, తర్వాత వడకట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తాం. దూరం మారుస్తూ పోతే బొట్టు జీవితం మొత్తం వరసగా దొరుకుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఈ ఆర్పేసిన రేణువుల్ని చూడటమే, టోపీ, లోహం మధ్య గీత అంత స్పష్టంగా కనపడుతుంది. (ఇది చదివి ఎవరైనా ఇంట్లో అల్యూమినియం పొడితో ఏదైనా చేద్దాం అనుకుంటే దయచేసి వద్దు, సన్న పొడి గాల్లో లేస్తే పేలుతుంది, మేం కూడా గ్రాముల్లోనే, గోడ అవతల నుంచి చేస్తాం.)

బొట్టు సైజు అంత ముఖ్యమా అంటే మోటార్‌లో ప్రతి సమస్యా అక్కడికే వస్తుంది. నాజిల్‌నే తీసుకోండి, గ్యాస్ వ్యాకోచించి వేగం పుంజుకుంటుంది, కరిగిన అల్యూమినా మాత్రం వ్యాకోచించదు, గ్యాసే దాన్ని లాక్కుపోవాలి, పెద్ద బొట్టయితే వెనకబడుతుంది, తన వేడిని కూడా తనతోనే తీసుకెళ్ళిపోతుంది. అలా కొన్ని శాతాల శక్తి నష్టం. ఇంకా పెద్దవైతే గ్యాస్‌తో పాటు మలుపు తిరగలేక నాజిల్ మొదట్లో ఉండే మూలల్లో పడి స్లాగ్‌గా పేరుకుంటాయి, అంటే మోసుకెళ్ళే బరువు ఊరికే పెరుగుతుంది, మధ్యలో ఆ ముద్ద ఊడి థ్రోట్ (నాజిల్‌లో ఇరుకు భాగం) గుండా పోతే ప్రెషర్‌ని ఒక్కసారిగా ఎగరేస్తుంది.

స్లాగ్ అనగానే నాకు చాలెంజర్ షటిల్ ప్రమాదం గుర్తొస్తుంది. 1986 జనవరి 28 న బూస్టర్ ముక్కల మధ్య సందు మూయాల్సిన రబ్బరు ఓ-రింగ్ చలికి గట్టిపడి సరిగ్గా మూయకపోవడంతో లేచిన మొదటి సెకండులోనే బూస్టర్ జాయింట్ నుంచి నల్లటి పొగ వచ్చింది, కానీ వెంటనే ఆగిపోయింది. కాలిన ప్రొపెల్లెంట్ నుంచి వచ్చిన అల్యూమినా ఆ సందులో గాజులా గట్టిపడి తాత్కాలికంగా మూసేసి ఉండొచ్చని భావిస్తారు. దాదాపు 58 సెకండ్ల తర్వాత, పై గాలుల కుదుపు తగిలిన సమయంలోనే, మంట మళ్ళీ బయటపడింది, 73 సెకండ్లకి అంతా అయిపోయింది. ఏడుగురు. నేను రోజూ మైక్రోస్కోప్ కింద చూసే పదార్థమే నిమిషం పాటు వాళ్ళకీ ప్రమాదానికీ మధ్య అడ్డుగా నిలబడి ఉంటుందంటే, దాన్ని ఊరికే బూడిద అని నేను అనలేను.

దీనికి ఇంకో మంచి గుణం కూడా ఉంది. మోటార్ లోపల ప్రెషర్ తరంగాలు మొదలైతే సన్నటి అల్యూమినా రేణువులు గ్యాస్‌తో పాటు ఊగలేక రాపిడితో ఆ తరంగాల శక్తిని తినేస్తాయి. ఏ ఫ్రీక్వెన్సీని ఏ సైజు బాగా అణుస్తుంది అన్నది లెక్క కడతారు. పొగ కనపడకూడదని కొన్ని చిన్న మిసైళ్ళలో అల్యూమినియం తీసేస్తారు కదా, వాటిలో ఈ రక్షణ పోతుంది, అందుకే ఒక శాతం దాకా జిర్కోనియం కార్బైడ్ లాంటి కరగని పొడి కలుపుతారు. పెద్ద బూస్టర్లలో పదుల హెర్ట్జ్ దగ్గర మాత్రం లెక్క వేరు, అక్కడ చాంబర్ మధ్యలో ఇంకా కాలుతూ ఉన్న బొట్లే తరంగాన్ని ఎగదోసే అవకాశం కూడా ఉంది.

సరే, బొట్టు చిన్నదైతే అన్నీ బాగుంటాయి కదా, మరి పొడినే నానో సైజులో వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. 100 నానోమీటర్ల రేణువు 1000 కెల్విన్ లోపే అంటుకుంటుంది, అగ్లామరేషన్ బాగా తగ్గుతుంది, అది నిజం. కానీ ఆ రేణువు మీద 3 నానోమీటర్ల ఆక్సైడ్ ఉంటే లోపల లోహం ఘనపరిమాణంలో 83 శాతమే, మిగతాది ముందే కాలిపోయిన సరుకు. పైగా ఉపరితల వైశాల్యం పెరిగి కలిపేటప్పుడు రబ్బరు ముద్ద గట్టిపడిపోతుంది, 200 టన్నుల మోటార్‌లోకి దాన్ని గాలి బుడగలు లేకుండా పోయడం చాలా కష్టం. పర్డ్యూ, పెన్ స్టేట్ యూనివర్సిటీల వాళ్ళు నానో అల్యూమినియాన్ని మంచుతో కలిపి 2009 లో చిన్న రాకెట్ ఎగరేసారు, సుమారు 400 మీటర్లు వెళ్ళింది, ఎగ్జాస్ట్‌లో క్లోరిన్ అసలు లేదు, నాకు చాలా నచ్చిన ప్రయోగం అది. బెరీలియం అనే లోహం శక్తిలో అల్యూమినియం కంటే మేలు, అమెరికాలో పరీక్షించారు కూడా, కానీ దాని ఆక్సైడ్ పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి, దాన్ని వదిలేయడమే న్యాయం. నాకు ఎక్కువ ఆశ ఉన్నది అల్యూమినియం లిథియం మిశ్రమం మీద. లిథియం క్లోరిన్‌ని పట్టుకుని లిథియం క్లోరైడ్ ఉప్పుగా మారుస్తుంది కాబట్టి యాసిడ్ బాగా తగ్గుతుంది, దానికి తోడు లిథియం ముందే మరిగి బొట్టుని లోపలనుంచి పేల్చి ముక్కలు చేస్తుంది.

యాసిడ్ సంగతి ఎందుకు ముఖ్యమో చెప్తా. పర్క్లోరేట్‌లో ఉన్న క్లోరిన్ చాలావరకు హైడ్రోజన్ క్లోరైడ్ అవుతుంది, ఎగ్జాస్ట్ బరువులో ఐదో వంతు దాకా. కెన్నెడీ స్పేస్ సెంటర్‌లో షటిల్ లేచినప్పుడు ప్యాడ్ మీద పోసిన నీటితో ఇది కలిసి యాసిడ్ తుంపరగా దగ్గర్లో పడేది, ప్యాడ్ పక్క మడుగులో చిన్న చేపలు చచ్చిపోయేవి, మొక్కల ఆకుల మీద మచ్చలు పడేవి, నాసా వాళ్ళే ఏళ్ళ తరబడి కొలిచి రాసిపెట్టారు.

పైకి వెళ్తే కథ ఇంకా క్లిష్టం. 1990ల్లో అమెరికా టైటాన్ 4 రాకెట్ వెళ్ళిన దారిలోకి నాసా డబ్ల్యూబీ-57 విమానాన్ని పంపి కొలిస్తే, ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లో ఆ పొగ చారలో ఓజోన్ కాసేపు దాదాపు సున్నాకి పడిపోయింది. తర్వాత చుట్టూ గాలి కలిసి సర్దుకుంటుంది, ప్రపంచం మొత్తం మీద ప్రభావం ఇప్పటికి చాలా చిన్నదే. ఓజోన్ మీద పనికి 1995 లో నోబెల్ తీసుకున్న మారియో మోలినా బృందం అల్యూమినా ఉపరితలం మీద ఏం జరుగుతుందో కొలిచింది, నిద్రాణంగా ఉన్న క్లోరిన్ సమ్మేళనాలు ఆ రేణువుల మీద కలిసి ఓజోన్‌ని తినే రూపంలోకి మారతాయని 1997 లో చూపించారు. అంటే రేణువు బరువు కాదు, దాని ఉపరితల వైశాల్యం ముఖ్యం.

ఇక్కడే నాకు నిద్రపట్టని ప్రశ్న ఉంది. నాజిల్ కోసం, స్లాగ్ కోసం, శక్తి కోసం మేమందరం బొట్టు చిన్నదవ్వాలని కష్టపడతాం. స్ట్రాటోస్ఫియర్‌కి అదే వ్యతిరేకం కావచ్చు, ముతక రేణువు త్వరగా కిందికి దిగిపోతుంది, సన్నది చాలాకాలం అక్కడే తేలుతుంది, ఒక్కో గ్రాముకి వైశాల్యం కూడా ఎక్కువ. ఎగ్జాస్ట్‌లో మైక్రాన్ కంటే సన్నవి బరువులో ఎంత శాతం అని అడిగితే, ఇప్పటిదాకా వచ్చిన కొలతలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పది రెట్ల తేడాలో ఉన్నాయి. లాంచ్‌లు తక్కువున్నప్పుడు అది పెద్ద విషయం కాదు, కానీ ఇప్పుడు లాంచ్‌లు పెరుగుతున్నాయి, దానికి తోడు పాత శాటిలైట్లు కిందికొచ్చి కాలిపోయేటప్పుడు వాటి అల్యూమినియం కూడా అక్కడే కలుస్తుంది, 2023 లో వచ్చిన ఒక పరిశోధనలో స్ట్రాటోస్ఫియర్‌లో 120 నానోమీటర్ల కంటే పెద్ద సల్ఫ్యూరిక్ యాసిడ్ రేణువుల్లో సుమారు 10 శాతంలో అలా వచ్చిన లోహాలు దొరికాయి.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తా, కొత్త ప్రొపెల్లెంట్ వచ్చినప్పుడు శక్తి ఎంత, బర్న్ రేటు ఎంత అని రాసే టేబుల్‌లోనే ఎగ్జాస్ట్ రేణువుల సైజు కూడా తప్పనిసరిగా రాయాలి, అది వాతావరణం వాళ్ళు చూసుకుంటారులే అని వదిలేస్తే కుదరదు, ఎందుకంటే ఆ సైజు నిర్ణయమయ్యేది ప్రొపెల్లెంట్ ఉపరితలం మీద మొదటి కొన్ని మిల్లీమీటర్లలో, అక్కడ చెయ్యి పెట్టగలిగింది మేమే. కింద నేల మీద సంగతికొస్తే అంత పెద్ద పరికరాలు కూడా అక్కర్లేదు. సూళ్ళూరుపేట, తడ, నాయుడుపేట చుట్టుపక్కల కాలేజీల్లో కెమిస్ట్రీ చదివే పిల్లలు, లెక్చరర్లు ఎవరైనా చదువుతుంటే, లాంచ్ ముందు రోజూ తర్వాత రోజూ శుభ్రమైన గాజు పళ్ళెంలో పడ్డ దుమ్ము, వాన పడితే ఆ నీటి పీహెచ్, ఆ రోజు గాలి ఎటు వీచింది, ఈ మూడూ వరసగా రాసిపెట్టుకోండి. ఎక్కువసార్లు పొగ సముద్రం వైపే పోతుంది కాబట్టి ఏమీ దొరక్కపోవచ్చు, దొరకలేదన్నది కూడా తేదీతో సహా రాసి ఉంచాల్సిన సమాచారమే. అందులో గుండ్రటి తెల్ల రేణువులు కనపడితే కింద కామెంట్‌లో చెప్పండి, ఎలా భద్రపరచాలో, మైక్రోస్కోప్ కింద ఏం చూడాలో నేను రాసి పంపిస్తా.